నాలుగు సెకన్ల కాల్

పదకొండుకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఆ రోజు మధ్యాహ్నం మూడూ నలభై ఏడుకు తన సీటుకు వచ్చిన కాల్ రికార్డును ఎవరైనా బయటికి తీసి వింటారేమోనని. బిడ్డకు జ్వరం వస్తుందేమో, పొయ్యి ఆర్పకుండా వచ్చానేమో, లిఫ్టులు బాగుచేసే మొగుడు ఏ గుంటలోనైనా పడిపోతాడేమో అని రోజూ హడలిపోయే మనిషే ఆమె. భయాలకు ఎప్పుడూ కొదవ లేదు. కానీ అవన్నీ జరగనివి. ఇది జరిగిపోయింది. నాలుగు సెకన్ల పొడవున, తేదీతో సహా, ఆఫీసు కంప్యూటర్లో భద్రంగా ఉంది.

పదకొండు ఆమె పేరు కాదు, సీటు నంబరు. ఆపదలో ఉన్నవాళ్ళు చేసే ఫోన్లు ఎత్తే గది అది. అందరి చెవులకూ హెడ్‌సెట్లు ఉంటాయి కాబట్టి పేరు పెట్టి పిలిస్తే ఎవరికీ వినపడదు. గోడ మీది బోర్డులో నంబరు వెలిగితే తల తిప్పుతారు. అలా నంబర్లే పేర్లయి కూర్చున్నాయి. ఎదుటి సీటులో ఉండే పెద్దాయన తొమ్మిదన్నయ్య. ఒకప్పుడు బస్సు కండక్టరు. గాజు గదిలో కూర్చుని అందరినీ ఓ కంట కనిపెట్టే సూపర్‌వైజరు ఒక్కావిడకే నంబరు లేదు. ఆవిడ పెద్దమేడమ్.

పదకొండో తరగతి మధ్యలో చదువు మానేసిన పిల్లకు దేవుడు పదకొండో సీటే రాసిపెట్టాడని తొమ్మిదన్నయ్య వేళాకోళం. తండ్రి మంచాన పడితే ఆమె పుస్తకాలు అటకెక్కాయి, ఆ తర్వాత పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. మనుషులు దొరక్క, డిగ్రీ లేకపోయినా పర్వాలేదని ఈ ఆఫీసువాళ్ళు ఆ ఏడాది పిలిస్తే, గొంతు పరీక్షలో నెగ్గి వచ్చింది. చదువుకున్నవాళ్ళ మధ్య తేలిపోతానన్న బెంగతో, ఏ ఆపదకు ఏం చెప్పాలో రాసి ఉన్న కార్డులన్నీ వంట చేస్తూ బట్టీ పట్టింది. మిగతావాళ్ళు కార్డు వెతుక్కునేలోపు ఆమె సగం చెప్పేసేది.

ఆ రోజు మూడున్నర దాటాక ఒక తల్లి ఫోన్ చేసింది. ఎనిమిది నెలల బిడ్డ, గొంతులో గుండీ. తల్లి అరుస్తోంది తప్ప మాట వినడం లేదు. పదకొండు గొంతు పెంచలేదు. బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టమంది, తల కిందికి వంచమంది, రెండు రెక్కల మధ్య అరచేతి కింది గట్టి భాగంతో అయిదు దెబ్బలు వెయ్యమంది. తనే లెక్కపెట్టింది. రాలేదు. వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యన రెండు వేళ్ళతో అయిదుసార్లు నొక్కమంది. మళ్ళీ బోర్లా. మూడో విడతలో గుండీ ఎగిరిపడింది. బిడ్డ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని పక్క సీట్లవాళ్ళు కూడా ఊపిరి వదిలారు. అంబులెన్సు గుమ్మంలోకి వచ్చేదాకా పదకొండు లైను వదల్లేదు.

వదిలాక ఇల్లు మనసులో మెదిలింది. తన కూతురికీ గుండీలు నోట్లో పెట్టుకునే అలవాటుంది. రెండున్నరేళ్ళది. పొద్దున వచ్చేటప్పుడు చొక్కాకు పై గుండీ వదులుగా వేలాడుతుంటే సాయంత్రం కుడదాంలే అనుకుంది. ఇప్పుడది గుర్తుకొచ్చింది. ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి బిడ్డ మాట వింటే చాలనిపించింది. అంతలో బోర్డు మీద మళ్ళీ ఆమె నంబరే వెలిగింది.

తెర మీద కనిపించిన నంబరు గదిలో అందరికీ తెలిసిందే. టైం అమ్మమ్మ. ఒంటరి మనిషి. వారానికి మూడు నాలుగుసార్లు చేసి, టైమెంతయిందని అడుగుతుంది. చెబితే, అయితే ఇంకా చాలా పొద్దుందన్నమాట అని పెట్టేస్తుంది. ఒకసారి తొమ్మిదన్నయ్య, ఇంట్లో గడియారం లేదా అమ్మమ్మా అని అడిగితే, ఉంది నాయనా, అది మాట్లాడదు కదా అందట. ఇలాంటి ఫోన్ల కోసమే వాళ్ళ కంప్యూటర్లో 'అలవాటు' అని పసుపు రంగు మీట ఒకటి ఉంది. నొక్కితే కాల్ ముగుస్తుంది, మళ్ళీ ఎవరూ అడగరు. అయితే అవతలి మనిషి ఏం కావాలో చెప్పాక మాత్రమే అది నొక్కాలి. మాట వినపడకపోతే అది మాటలేని కాల్ కిందికి వస్తుంది. మాట్లాడలేకపోతే ఫోన్ మీద వేలితో తట్టమని చెప్పాలి. నిమిషం పాటు చెవి ఒగ్గి వినాలి. ఆ తర్వాత రెండుసార్లు తిరిగి ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే బండి పంపాలి. ఇది కూడా పదకొండుకు కంఠతా వచ్చు.

మాట వినపడలేదు. 'ఊ' అని ఒక మూలుగు, దాని వెనక ఏదో ఈడ్చినట్టు చప్పుడు. టైం అమ్మమ్మే కదా అనుకుని ఆమె పసుపు మీట నొక్కేసింది. తెర మీద నాలుగు సెకన్లని పడింది. సంచిలోంచి సెల్లు తీసి ఇంటికి చేసింది. అత్త ఎత్తి, నీ కూతురు గోడంతా పెన్సిలుతో గీసిపెట్టింది, నీ పోలికే అని నవ్వింది. బిడ్డ పక్కనుంచి అమ్మా అంది. ఆమె కళ్ళు తుడుచుకుని తర్వాతి కాల్ అందుకుంది.

ఆ తర్వాత టైం అమ్మమ్మ ఫోన్ చెయ్యలేదు.

వారం దాటాక గాని పదకొండుకు ఆ సంగతి తట్టలేదు. తట్టగానే రెండుసార్లు సొంత సెల్లు నుంచి ఆ నంబరుకు చేసింది. అలా చెయ్యకూడదు, అయినా చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఏ చుట్టాలింటికో వెళ్ళి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంది. తనకెవరూ లేరని టైం అమ్మమ్మే ఎన్నోసార్లు చెప్పింది. అది గుర్తురాకుండా ఉండటానికి ఇంట్లో అంట్లు తోమినవే తోమేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇన్నాళ్ళూ కాగితాల మీద వాళ్ళ ఉద్యోగం 'గుమాస్తా, ఫోన్లు'. అంబులెన్సు నడిపేవాళ్ళకూ మంటలార్పేవాళ్ళకూ ఉన్న లెక్క వీళ్ళకు లేదు, కుర్చీలో కూర్చునేవాళ్ళు కదా అని. ఇకనుంచి వీళ్ళూ ఆపద్బాంధవ సిబ్బందేనని ఆ ఉత్తర్వులో ఉంది. ఏటా ఒక రోజు సభ పెట్టి వాళ్ళను గౌరవిస్తారట. మొదటి గౌరవం ఈ గదికే. గదిలో అందరి తరఫునా ఒకరిని వేదిక ఎక్కించి, వాళ్ళు ఎత్తిన ఒక కాల్ అందరికీ వినిపిస్తారట. పెద్దమేడమ్ నెల రోజుల రికార్డులు విని గుండీ కాల్‌ను ఎంచింది.

ఆ మాట విన్నప్పటినుంచి ఇంట్లో అత్తకు కాలు నిలవలేదు. మెట్ల మీద ఎదురైనవాళ్ళందరికీ చెప్పింది. మా కోడలు ఫోన్లోనే ప్రాణం పోస్తుంది తెలుసా అని కూరలమ్మేవాడితో కూడా అంది. మొగుడు ఏ మాటా అనకుండా సభ జరిగే రోజుకు సెలవు పెట్టాడు. తొమ్మిదన్నయ్య మాత్రం ఊరుకోలేదు. "ఏమ్మా పదకొండూ, వేదిక మీద పెద్దలు చెయ్యి కలపగానే, మీకొచ్చిన ఆపదేమిటో చెప్పండి అని అడిగేవు సుమా. అలవాటు మంచిది కాదు" అన్నాడు. గదంతా నవ్వింది. పదకొండూ నవ్వింది. ఆ మీట పేరు వినగానే ఆమె చెవులు కాలిపోయాయని ఎవరికీ తెలియదు.

సభ గురువారం. మంగళవారం టీ వేళ తొమ్మిదన్నయ్య మామూలుగానే అన్నాడు, టైం అమ్మమ్మ మన మీద అలిగినట్టుందర్రా, పలకడమే మానేసిందని. గడియారానికి మాటలొచ్చాయేమో అని ఇంకెవరో అన్నారు. పదకొండు టీ సగంలోనే వదిలేసి సీటుకు వెళ్ళిపోయింది. లెక్క ఆమెకు తెలుసు. పంతొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం బిడ్డ నిద్రపోయాక మొగుడికి చెప్పేసింది. అతను చేతిలోని స్క్రూడ్రైవరును సంచిలో పెట్టేశాడు. "ఇప్పటికి పంతొమ్మిది రోజులు ఊరుకున్నావు. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే కొంపలేం మునిగిపోవు. శుక్రవారం చెబుదువులే" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అటక మీది పుస్తకాలు దించి చూసుకుని ఆమె ఏడ్చిన సంగతి ఒక్క అతనికే తెలుసు. జీవితంలో ఒక్కసారి పదిమందిలో ఆమె తలెత్తుకుని నిలబడితే చూడాలనుకున్నాడు. కానీ 'పంతొమ్మిది రోజులు ఊరుకున్నావు' అన్న మాట వేరే నోట వినేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతవరకూ అది నాలుగు సెకన్ల తప్పు. ఆ క్షణంలో పంతొమ్మిది రోజుల తప్పయి కూర్చుంది.

బుధవారం పొద్దున డ్యూటీ ఎక్కగానే, ఒంటరి మనుషుల క్షేమం కనుక్కు రమ్మని బండిని పంపే ఫారం తెరిచింది. అందులో ఒక గడి ఉంటుంది, చివరి కాల్‌కు తిరిగి ఫోన్ చేశారా, చెయ్యకపోతే కారణమేమిటి అని. అది నింపనిదే బండి కదలదు. ఇన్నాళ్ళూ ఆ గడికి జడిసే ఆమె ఫారం జోలికి పోలేదు. 'చేశాను, ఎత్తలేదు' అని కొట్టింది. అబద్ధం ఎంత శుభ్రంగా ఉందో చూసింది. చెరిపేసింది. 'చెయ్యలేదు. నా బిడ్డ గొంతు వినాలని ఇంటికి ఫోన్ చేసుకున్నాను' అని కొట్టి, మళ్ళీ చదువుకోకుండా పంపేసింది.

నిమిషం తిరక్కముందే గాజు గదిలోంచి పిలుపు వచ్చింది. పెద్దమేడమ్ తలుపు వేసింది. ఫారం ఆవిడ తెర మీద ఉంది.

"బండి కావాలంటే నన్నడిగితే పంపేదాన్నిగా. ఇదెందుకు రాశావమ్మా?"

"అడగడానికి ముఖం చెల్లలేదు మేడమ్."

రేపు సభ అని తెలుసా అని ఆవిడ అడిగింది. నలభై మందిని మొదటిసారి మనుషుల్లో లెక్కేస్తున్నారని, ఇరవై రెండేళ్ళుగా తాను ఈ కాగితం కోసం ఎక్కని మెట్టు లేదని చెప్పింది. గొంతులో కోపం లేదు, అలుపు ఉంది. పదకొండు, ఉద్యోగం తీసేసినా సరే, బండి మాత్రం ఆపొద్దంది. ఆ రికార్డు తీసి వినమంది.

పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "విన్నాను. గుండీ కాల్ ఎంచినప్పుడే ఆ గంటంతా విన్నాను. నాలుగు సెకన్లు. టైం అమ్మమ్మే కదా అనుకుని నేనూ ముందుకు జరిపేశాను."

ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందని పదకొండు గుండె చిక్కబట్టుకుందో అది ఎప్పుడో జరిగిపోయింది. పట్టుబడలేదు. అలా పట్టుబడకపోవడమే ఇంత ఘోరంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆవిడే అప్పుడు కోప్పడి ఉంటే కనీసం పది రోజుల ముందు బండి వెళ్ళేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తెర వైపు చూశారు. పెద్దమేడమ్ ఫారం కింద తన సంతకం కూడా కలిపి బండిని పంపించింది.

గంటన్నరకు బండివాళ్ళు పలికారు. ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ చెప్పిందట. ఆ మధ్య ఒక పొద్దున బారెడు పొద్దెక్కినా అమ్మమ్మ గుమ్మంలో కనిపించకపోతే అనుమానమొచ్చి తలుపు తీయించింది. ఫోను పక్కన నేల మీద పడి ఉందట. పక్షవాతం. కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా పోయాయి. ఫోను రిసీవరు ఎడమచేతిలో అలాగే బిగించి ఉందట, విడిపించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చిందట. ముందు రోజు మధ్యాహ్నమే తెచ్చి ఉంటే మాటన్నా దక్కేదని డాక్టరు అన్నాడట. ప్రాణం ఉంది. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

బండివాళ్ళకు ఇదంతా మామూలు కబురు. చెప్పి పెట్టేశారు. పదకొండు హెడ్‌సెట్ తీసి బాత్రూముకు వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. బతికుందన్న సంతోషం ఉందా అని లోపల వెతుక్కుంది. ఉంది. కానీ దాని వెనకే, ఇక ఆ కాల్‌లో ఏం జరిగిందో అమ్మమ్మ నోటితో ఎవరికీ చెప్పే వీలు లేదన్న ఆలోచన తొంగి చూసింది. అది తన ఆలోచనే. ఆ ఒక్కదానికి ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

విచారణ ఉంటుందని, ఫైలు కదలడానికి వారం పడుతుందని పెద్దమేడమ్ చెప్పింది. రేపు వేదిక మీదికి వేరే ఎవరినైనా పంపమని పదకొండు బతిమాలింది. పేర్లు అచ్చయిపోయాయి, బిడ్డ తల్లికి కబురు వెళ్ళింది, ఏ కారణం చెప్పి ఆపుతామంది ఆవిడ. వెళ్ళి తీసుకో, థాంక్స్ చెప్పి దిగు, ఇంకేం మాట్లాడకు అంది.

గురువారం సభ నిండిపోయింది. మూడో వరసలో అత్త, ఒళ్ళో బిడ్డ, పక్కన ఇస్త్రీ చొక్కాలో మొగుడు. వేదిక మీద పెద్దలు మాట్లాడారు. కనపడని చేతులన్నారు, వినపడే ధైర్యమన్నారు. తర్వాత దీపాలు తగ్గించి కాల్ వినిపించారు. తల్లి అరుపులు, వాటి మధ్య పదకొండు గొంతు లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, మూడు. ఆ గొంతు తనదేనా అనిపించింది, అంత నిదానంగా ఉంది. అంతలో ఆ గొంతే అంది: "భయపడకమ్మా, నేను మీతోనే ఉన్నాను. నేను ఫోన్ పెట్టను." ఆ మాట తాను అన్నట్టు ఆమెకు గుర్తే లేదు. సభలో ఎవరో వెక్కారు. పదకొండుకు మాత్రం ఆ నాలుగు మాటలు నలుగురి మధ్య నిలబెట్టి చెంపలు వాయించినట్టుంది. ఏడు నిమిషాల తర్వాత ఆ గొంతే ఇంకొకావిడ ఫోన్ పెట్టేసింది.

బిడ్డ ఏడుపు వినిపించగానే సభంతా లేచింది. ఆ తల్లి పరిగెత్తుకొచ్చి పదకొండును కావలించుకుంది. పాపను ఆమె చేతుల్లో పెట్టింది. పాప ఆమె మెళ్ళో వేసిన పతకాన్ని నోట్లో పెట్టుకోబోతే అందరూ నవ్వారు. ఆమె భయపడి లాగేసింది. మైకు ఆమె ముందుకు వచ్చింది.

థాంక్స్ చెప్పి దిగిపోవాలి. గాజు గది లేకుండా పెద్దమేడమ్ చాలా చిన్నగా, మొదటి వరసలో కూర్చుని ఉంది. పదకొండు ఆవిడ మొహం వంక చూడకుండా మాట్లాడింది.

"ఆ రోజే, దీని వెంటనే ఇంకొక కాల్ వచ్చింది. ఒక పెద్దావిడ. ఆవిడ మాట్లాడలేకపోయింది. నేను వినలేదు, పెట్టేశాను. ఆవిడ రాత్రంతా నేల మీద పడి ఉంది. ఇప్పుడు మాట లేదు. ఈ పతకం నాకు తగదు."

సభలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి పెరిగాయి. ఎంత అణకువ, ఎంత మంచి మనసు అని వేదిక మీది పెద్దాయన మైకులో అన్నాడు. అందరినీ కాపాడలేకపోయామని బాధపడే ఇలాంటి మనుషులే మనకు కావాలన్నాడు. అత్త కళ్ళొత్తుకుంటోంది. చప్పట్లు కొట్టనిది ముగ్గురే. పెద్దమేడమ్, మొగుడు, వెనక వరసలో తొమ్మిదన్నయ్య. అతను టీ వేళ వేసిన తన జోకును తలుచుకుంటున్నట్టు తల దించుకున్నాడు. ఆ చప్పట్ల బదులు ఎవరైనా లేచి నాలుగు తిడితే ఆమె ప్రాణం హాయిగా ఉండేది. నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోతే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

విచారణ జరిగింది. పదకొండును నెల రోజులు ఫోన్లకు దూరంగా ఉంచారు. పెద్దమేడమ్ సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ పడింది. పసుపు మీటను కంప్యూటర్లోంచి తీసేశారు. ఉద్యోగం పోలేదు. పోతే కాస్త శిక్ష పడ్డట్టుండేదని ఆమె మొగుడితో అంది, నీకు పిచ్చా అన్నాడతను.

అమ్మమ్మను ఇంటికి తెచ్చాక, పదకొండు ఒక ఆదివారం వెళ్ళింది. తానెవరో చెప్పింది. ఆ రోజు ఏం చేసిందో, తర్వాత పంతొమ్మిది రోజులు ఏం చెయ్యలేదో మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. అమ్మమ్మ ఆమె మొహాన్ని చాలాసేపు చూసి, కిటికీ వైపు తిరిగి పడుకుంది. పదకొండు కాసేపు కూర్చుని, మంచినీళ్ళు అందేలా పెట్టి వచ్చేసింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళింది. చాలాసేపటికి అమ్మమ్మే తలుపు తీసింది. అది క్షమించడమో, వచ్చింది ఎవరో మరిచిపోవడమో తెలియదు. అడిగే ధైర్యం పదకొండుకు లేదు.

ఆదివారం ఆమె వెళుతుంది. మంగళవారం తొమ్మిదన్నయ్య వెళతాడు, పిట్టకథలు చెబుతాడు. రాత్రుళ్ళు పక్కింటావిడ ఉంటుంది. కానీ పక్కింటావిడ పనికి వెళ్ళిన పగళ్ళలో, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అక్కడ ఎవరూ ఉండరు. ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది, ఎవరిదో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసి ఒకసారి వెళ్ళి చూసి రండి. తలుపు తట్టగానే ఎవరూ పలకలేదని వెనక్కి తిరగకండి. లోపలి మనిషి మంచం దిగి, గోడ పట్టుకుని గడప దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ నిలబడండి.